గోపురంలా ఉంది, బ్యాంకంటున్నారు

పోయిన నెల ఇదే శీర్షికలో విశాఖలోని ఒక కొత్త ఆఫీసు బిల్డింగు గురించి రాస్తూ, అమెరికాలో హ్యూస్టన్‌లో నేను ఇంజనీరుగా పని చేసినప్పుడు మా ఆఫీసు కిటికీకి ఎదురుగా ఉండే ఎర్ర టవర్ ముందు ఇదెంత అని ఒక మాట వదిలాను. సంపాదకులు పక్కనే ఆ టవర్ ఫొటో కూడా వేశారు. అంతే, ఉత్తరాలూ వాట్సాప్‌లూ వచ్చి పడ్డాయి. అందుకని ఈసారి శ్లాబు చెమ్మలు, సంపు లీకేజీలు పక్కన పెట్టి పేజీ మొత్తం ఆ టవర్‌కే ఇస్తున్నాను. చెమ్మ వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి. వానలు ఎలాగూ వెనక్కి తగ్గాయి.

ప్రశ్న: మా అబ్బాయి హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటాడు. నిరుడు వెళ్లినప్పుడు మీరు వేసిన ఈ బిల్డింగును కారులోంచి చూశాను. మెట్లు మెట్లుగా, పైన మొనలతో ఉంటే చర్చి అనుకుని దణ్ణం పెట్టబోయాను. మావాడు నవ్వి, "అమ్మా, అది ఆఫీసు" అన్నాడు. ఆఫీసును అలా ఎందుకు కట్టారు? అక్టోబర్‌లో మళ్లీ వెళ్తున్నాం. లోపలికి రానిస్తారా? — ఒక గృహిణి, భీమవరం

దణ్ణం పెట్టినా తప్పులేదమ్మా. నేను వెళ్లిన కొత్తలో గోపురం అనుకున్నాను. వారం వారం హ్యూస్టన్ పక్కనున్న పేర్లండ్ మీనాక్షి గుడికి వెళ్లొచ్చే కళ్లకు ఇంకేం కనపడుతుంది!

అది డౌన్‌టౌన్‌లో, అంటే ఊరి నడిబొడ్డున, 700 లూసియానా స్ట్రీట్. ఇప్పటి పేరు టీసీ ఎనర్జీ సెంటర్, కట్టినప్పుడు ఒక బ్యాంకు పేరు మీద ఉండేది. 56 అంతస్తులు, 780 అడుగులు. 1983లో పూర్తయింది. ఆర్కిటెక్టులు ఫిలిప్ జాన్సన్, ఆయన భాగస్వామి జాన్ బర్గీ. కట్టించింది గెరాల్డ్ హైన్స్ అనే పెద్ద డెవలపర్. ఆయన స్వతహాగా మెకానికల్ ఇంజనీరు. హ్యూస్టన్ ఆకాశంలో మీకు కనపడే గట్టి బిల్డింగుల్లో సగం దాకా ఆయన చేతి మీదుగా వచ్చినవే అనిపిస్తుంది నాకు.

ఆకారం సంగతి. మూడు పెంకుటిళ్లను పక్కపక్కనే నిలబెట్టారనుకోండి. మొదటిది పొట్టి, రెండోది మధ్యరకం, మూడోది బాగా పొడుగు. మూడింటికీ వాలు కప్పులే. కప్పు వాలు పైకి పోయి కలిసే చోటుని మన వైపు కొప్పు అంటాం కదా, ఆ కొప్పు కింద ముందుకు కనపడే త్రికోణపు గోడ అంచు ఇక్కడ నున్నగా జారదు, మెట్లు మెట్లుగా దిగుతుంది. ఆ మెట్ల మీద మొనదేలిన రాతి ముక్కలు. గోపురం మీద కలశాలు వరసగా ఉన్నట్టే అనుకోండి. పొట్టిది 21 అంతస్తులు. నేను కూర్చున్నది ఒక వీధి అవతల 22వ అంతస్తులో. అంటే ఆ మొదటి కొప్పు నా కళ్లకు సూటిగా ఉండేది. టీ కప్పు పట్టుకుని దాన్ని చూడటం నా ఉద్యోగంలో భాగమైపోయింది.

ఈ మెట్ల గోడ హాలెండ్‌ది. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల పక్కన వర్తకుల ఇళ్లు ఇలాగే ఉంటాయి. ఇరుకు ముఖం, ఎత్తు గోడ, కప్పు కనపడకుండా ముందు ఈ మెట్ల గోడ, పైన సరుకు లాక్కోవడానికి ఒక దూలం, దానికి కొక్కెం. వర్తకుల ఇంటి వేషం జాన్సన్ బ్యాంకుకు వేశాడన్న మాట. నాకైతే ఆ ఎంపికలో కొంచెం కొంటెతనం కూడా కనిపిస్తుంది. ఒలందా వాళ్లు, అంటే ఈ హాలెండ్ వాళ్లే, మనకు కొత్తవాళ్లు కాదు. మచిలీపట్నంలో 1605 నుంచే వ్యాపారం పెట్టారు. మా విశాఖ పక్కన భీమిలిలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి సమాధుల మీద కూడా మొనదేలిన స్తంభాలే. హ్యూస్టన్ నుంచి తిరిగొచ్చాక మొదటిసారి భీమిలి వెళ్లినప్పుడు, ఆ గడ్డిలో నిలబడి, వీటిని ఎక్కడో బాగా ఎత్తులో చూశానే అని కాసేపు తడుముకున్నాను.

చూడటం గురించి మీరడిగినది చివర్లో చెప్తాను, మిగతావాళ్లకీ పనికొస్తుంది.

ప్రశ్న: పోస్ట్‌మోడర్న్ అంటే "చరిత్రను తిరిగి తెచ్చిన శైలి" అని మా సార్ రాయించారు. పరీక్షకు అది చాలు. కానీ పాత డిజైన్ అతికిస్తే పోస్ట్‌మోడర్న్ అయిపోతే, మా వీధిలో రోమన్ స్తంభాలు పెట్టిన ఫంక్షన్ హాలు కూడా పోస్ట్‌మోడర్నేనా? — బి.ఆర్క్ విద్యార్థి, విజయవాడ

మంచి దెబ్బే కొట్టావు బాబూ. ఈ ఎర్ర టవర్‌నూ పోస్ట్‌మోడర్న్ అనే అంటారు. మీ సార్ రాయించింది తప్పు కాదు, సగమే.

ముందు ఈ పోస్ట్‌మోడర్న్ వాళ్లు దేని మీద తిరగబడ్డారో చూడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా డౌన్‌టౌన్లలో ఆఫీసు అంటే గాజు డబ్బా. పై నుంచి కింది దాకా ఒకటే గడి, పైన చదునుగా కోసేసినట్టు. ఈ డబ్బాను అమెరికాలో నిలబెట్టిన వాళ్లలో ఈ ఫిలిప్ జాన్సనే ఒకడు. 1932లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో యూరప్ కొత్త వాస్తును పరిచయం చేసిన ప్రదర్శన పెట్టిన ఇద్దరిలో ఒకడు. 1949లో తన కోసం నాలుగు వైపులా గాజుతో ఇల్లు కట్టుకున్నాడు. 1958లో పూర్తయిన న్యూయార్క్ గాజు టవర్ సీగ్రమ్ బిల్డింగులో, ఆ శైలికి పెద్ద పేరైన ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రో పక్కన పని చేశాడు. అలాంటి మనిషి డెబ్బై దాటాక ప్లేటు తిప్పేశాడు. న్యూయార్క్‌లో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీకి 37 అంతస్తుల టవర్ గీసి, దాని నెత్తిన పాతకాలపు చెక్క బీరువా మీద ఉండే విరిగిన కొప్పు లాంటిది పెట్టాడు, మధ్యలో గుండ్రంగా తొలిచి. కట్టకముందే ఆ నమూనా చేత్తో పట్టుకుని 1979 జనవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కాడు. అది పూర్తయింది 1984లో. హ్యూస్టన్‌ది అంతకు ఏడాది ముందే లేచింది.

ఇప్పుడు నీ ఫంక్షన్ హాలు. ఒక చిన్న పని చెయ్యి. ఫొటో తీసుకుని నడుం భాగాన్ని అరచేత్తో మూసెయ్. పైన తల, కింద పాదం మాత్రం కనపడాలి. హ్యూస్టన్ టవర్‌లో తల చూసి ఊళ్లో ఎంత దూరం నుంచైనా గుర్తుపడతావు. పాదం దగ్గర లూసియానా స్ట్రీట్ మీదికి ఒక పెద్ద కమాను, దాని కింద మనిషి చీమంత. ఈ రెండూ ఒకే ఇంటివి అని చూడగానే తెలుస్తుంది. గాజు డబ్బాకి తలకీ పాదానికీ తేడా లేదు, తిరగేసి పెట్టినా ఎవరికీ తెలీదు. మీ ఫంక్షన్ హాలుకి పాదం రోము, తల జింకు షీటు. అది శైలి కాదు, అద్దెకు తెచ్చిన షేర్వాణీ.

ఇంకోటి కూడా చూడు, ఇది పుస్తకాల్లో తక్కువ రాస్తారు. ఈ ఎర్ర టవర్‌కు సరిగ్గా ఎదురుగా 711 లూసియానాలో పెన్‌జాయిల్ ప్లేస్ ఉంది. 36 అంతస్తుల నల్లటి గాజు టవర్లు రెండు, మధ్యలో పదడుగుల సందు, నెత్తిన ఏటవాలుగా కోసిన కప్పులు. 1970ల మధ్యలో వచ్చింది. దాన్ని గీసిందీ జాన్సన్, బర్గీలే. కట్టించిందీ హైన్సే. మన ఇంటి ఎదురు స్థలంలో మనమే ఇంకో ఇల్లు, అంతకన్నా పొడుగ్గా, కట్టాల్సి వస్తే ఏం చేస్తాం? వీళ్లు చేసింది నాకు నచ్చింది. ఎదురింటి వాలునే తీసుకుని ఇటు మెట్లుగా మార్చారు. ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. ఒకటి గాజు, ఒకటి రాయి. వాలు మాత్రం రెండింటికీ కుదిరింది. సాయంత్రం ఐదు దాటాక మధ్య వీధిలో నిలబడితే ఎర్ర రాయి నీడ నల్ల గాజులో కదులుతూ ఉండేది. నేను బస్సు వదిలేసుకున్న రోజులున్నాయి.

పోస్ట్‌మోడర్న్ అన్నవన్నీ బాగున్నాయని చెప్పను. చాలావాటికి రంగు అట్ట ముక్కలు అతికించిన వాలకం. మైఖేల్ గ్రేవ్స్ అనే ఆర్కిటెక్టు 1982లో కట్టిన పోర్ట్‌లాండ్ బిల్డింగు ఈ శైలిలో మొదటి పెద్ద బిల్డింగుల్లో ఒకటి అంటారు. పదిహేను అంతస్తులు, రంగురంగుల ముఖం, లోపల పని చేసేవాళ్లకు మాత్రం చిన్న చిన్న కిటికీలు. బయట ఫొటోకు బాగుండి లోపల కూర్చోలేకపోతే అది ఎవరి కోసం కట్టినట్టు?

ప్రశ్న: నేను హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. ఆ టవర్ లోపల ఇంకో బిల్డింగు దాచిపెట్టి ఉండేదని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. కొత్తవాళ్లని ఆట పట్టించడానికి చెప్తున్నాడా? — ఐటీ ఉద్యోగి, షుగర్ ల్యాండ్

నిజమే నాయనా. నాకూ చేరిన రెండేళ్ల దాకా తెలీదు. మా ఆఫీసులో రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డ డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఉండేవాడు. ఒక మధ్యాహ్నం నన్ను ఆ బ్యాంకు హాల్లోకి తీసుకెళ్లి, గోడ మీద చెయ్యి వేసి, "దీని వెనక ఏముందో చెప్పు" అన్నాడు. లాకర్లు అన్నాను. నవ్వాడు.

జరిగింది ఇది. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో ఒక్కో బ్లాకు 250 అడుగుల చదరం, మన లెక్కలో దాదాపు 7 వేల గజాలు. టవర్ కోసం తీసుకున్న బ్లాకులో ఒక మూల వెస్టర్న్ యూనియన్ వాళ్ల రెండంతస్తుల బిల్డింగు ఉంది. వెస్టర్న్ యూనియన్ అంటే మనకు దుబాయ్ నుంచి డబ్బొచ్చే పసుపు బోర్డు గుర్తొస్తుంది. అప్పట్లో అమెరికాలో వాళ్లంటే టెలిగ్రాములు. ఆ బిల్డింగు నిండా వాళ్ల మెషీన్లు, కింద నుంచి వచ్చే కేబుళ్లు. దాన్ని ఊడదీసి ఇంకోచోట పెట్టాలంటే అయ్యే ఖర్చు, పట్టే కాలం విని డెవలపర్ వెనక్కి తగ్గాడు.

మన దగ్గరైతే ఏం చేస్తాం? కేసు వేస్తాం. లేదంటే ఆ మూల వదిలేసి ఎల్ ఆకారంలో కట్టి, పార్కింగు ఇటు తిప్పుతాం. జాన్సన్ దాన్ని మింగేశాడు. టవర్‌ను బ్లాకులో ఒక పక్కకు జరిపి, మిగతా భాగంలో పొట్టి రెక్క ఒకటి వేసి దాన్ని బ్యాంకు హాలు చేశాడు. వెస్టర్న్ యూనియన్ బిల్డింగు గోడలతో సహా ఆ రెక్క కడుపులోకి వెళ్లిపోయింది. బయట నుంచి చూస్తే దానికీ అవే మెట్ల కొప్పులు, అదే ఎర్ర రాయి. లోపల టెలిగ్రాం మెషీన్ల బిల్డింగు ఒకటి గుట్టుగా ఉందని వీధిలో పోయేవాడికి ఎలా తెలుస్తుంది?

ఇంజనీరుగా నాకు ఈ టవర్ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కొప్పులు కాదు, కలశాలు కాదు. ఆ హాలు అంత పొడవు, అంత ఎత్తు ఎందుకొచ్చిందీ అంటే, గొప్పకు అని అందరూ అనుకుంటారు. నేను మాత్రం పక్కింటాయన కదలనన్నాడు కాబట్టి అనుకుంటాను. మా తాతగారు అమలాపురంలో ఇల్లు కట్టినప్పుడు ఉన్న కొబ్బరి చెట్టు కొట్టడానికి మనసొప్పక వసారా కప్పులో కంత పెట్టించారు. వానొస్తే ఆ కంతలోంచి నీళ్లు. బామ్మ తిట్టని రోజు లేదు. కానీ ఇంటికొచ్చిన ప్రతివాడూ మొదట చూసేది ఆ చెట్టునే.

ఇప్పుడు వెళ్లి వెతక్కండి. 2006 జనవరిలో అమెరికాలో వెస్టర్న్ యూనియన్ ఆఖరి టెలిగ్రాం పంపేసింది (మనవాళ్లు 2013 జూలై దాకా లాగారు). 2010ల చివర్లో హాలును బాగుచేయించినప్పుడు ఆ లోపలి బిల్డింగును తీసేసి, ఆ జాగాను జనం కూర్చునే చోటుగా మార్చారు. అద్దె లెక్కల ప్రకారం మంచి పనే. ఫోన్లో మా పాత స్నేహితుడు ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం నాకు మనసేం బాలేదు. హాల్లో పాతకాలపు నాలుగు ముఖాల వీధి గడియారం ఒకటి నిలబెట్టి ఉండేది. అది ఉందా అని అడిగాను. "ఈసారి వెళ్లినప్పుడు చూస్తాలే" అన్నాడు. మీరైనా చూసి రాయండి.

ప్రశ్న: మాది చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. అంత ఎత్తు బిల్డింగుకు రాయి వాడితే బరువు సంగతేంటి? ఎన్ని ఎం.ఎం. పలక వాడతారు? సిమెంటుతోనే అతికిస్తారా? — ప్రకాశం జిల్లా

మీ ఊరి బ్లాక్ గెలాక్సీ ఎన్ని దేశాల లాబీల్లో ఉందో మీకే బాగా తెలుసు. బరువు లెక్క మీకు నోటికొస్తుంది కానీ మిగతావాళ్ల కోసం: 30 ఎం.ఎం. గ్రానైట్ చదరపు మీటరుకు దాదాపు 80 కిలోలు.

రాయి ఆ టవర్‌ను మొయ్యదు, టవరే రాయిని మోస్తుంది. లోపల అస్థిపంజరం స్టీలుది. రాయి పైన కప్పుకున్న శాలువా. రాతిగోడే బరువు మోసిన కాలం షికాగోలో మొనాడ్‌నాక్ బిల్డింగుతో దాదాపు ముగిసింది. 1891లో 16 అంతస్తులకు కింద గోడ ఆరడుగుల మందం పెట్టాల్సొచ్చింది. అదే పద్ధతిలో 56 అంతస్తులు లేపితే కింద బ్యాంకు పెట్టడానికి గది మిగలదు, గోడే మిగులుతుంది. అయితే శాలువాకైనా బరువుంటుంది. న్యూయార్క్ ఏటీ అండ్ టీ టవర్‌కు 13 వేల టన్నుల గులాబీ గ్రానైట్ పట్టింది. దాన్ని మోయడానికి లోపల స్టీలూ పెంచాల్సి వచ్చింది.

ఇక అతికించడం. ఎత్తులో సిమెంటు పేస్టుతో అతికించడం నేరం అంటాను నేను. పలక అంచుల్లో గాడి కోసి, స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపుతో లోపలి ఫ్రేముకు బిగించాలి. ప్రతి పలక బరువూ దాని క్లాంపు మీదే పడాలి, కింది పలక మీద కాదు. పలకకీ పలకకీ మధ్య సందు వదిలి మెత్తటి సీలెంటు పెట్టాలి. ఎండకు రాయి వ్యాకోచిస్తుంది, గాలికి బిల్డింగు ఊగుతుంది. సందు లేకపోతే పలకలు ఒకదాన్నొకటి తోసుకుని మూలలు పగులుతాయి.

మేముంటున్న అపార్ట్‌మెంటుకు ముందు వైపు నల్ల గ్రానైట్ అతికించారు, కట్టినవాళ్ల పేరెందుకులెండి. మూడో ఎండాకాలానికి రెండో అంతస్తు పలక ఒకటి రాత్రి రెండింటికి ఊడి స్కూటర్ మీద పడింది. స్కూటర్ సీటు, పలక రెండూ రెండు ముక్కలు. వెనక చూస్తే చపాతీ మీద వెన్న రాసినట్టు నాలుగు చోట్ల సిమెంటు ముద్దలు, అంతే. సొసైటీ మీటింగులో, "మీరు ఇంజనీరు కదా, ముందే చూసుకోవద్దా" అని నన్నే అడిగారు.

ఫ్లేమింగ్ చేసి, అంటే మంట తగిలించి, గరుకు చేసిన రాయి, పాలిష్ రాయి ఏది మేలంటే, బయట గోడకు నా ఓటు గరుకుకే. ఆ ఎర్ర టవర్ అద్దంలా మెరవదు. మధ్యాహ్నం ఎండలో ఇటుక రంగు, వానకు తడిస్తే ఎండు మిరపకాయ రంగు. పాలిష్ పెట్టి ఉంటే టెక్సాస్ ఎండకు మా కళ్లు పోయేవి.

ప్రశ్న: అది కట్టినప్పటి నుంచి పేరు నాలుగైదుసార్లు మారిందని నెట్‌లో చూశాను. వాస్తు దోషమా? ఈశాన్యం తగ్గిందా? — ఒక పాఠకుడు, గుంటూరు

ఈశాన్యం కొలవలేదండీ. కానీ పేర్ల చరిత్ర చెప్తాను, దోషం ఎక్కడుందో మీరే చెప్పండి.

కట్టినప్పుడు రిపబ్లిక్‌బ్యాంక్ సెంటర్. అప్పుడు చమురు రేటు ఆకాశంలో ఉంది, టెక్సాస్ బ్యాంకులన్నీ చమురు కంపెనీలకూ రియల్ ఎస్టేటుకూ అప్పులిచ్చి కూర్చున్నాయి. 1986లో చమురు ధర కుప్పకూలింది. 1987లో ఆ బ్యాంకు ఇంకో దానితో కలిసింది, 1988లో కలిసిన రెండూ కలిసే మునిగాయి. నార్త్ కరోలినాకు చెందిన ఎన్‌సీఎన్‌బీ అనే బ్యాంకు వచ్చి తీసుకుంది. నేను 1989లో చేరేసరికి ఎన్‌సీఎన్‌బీ సెంటర్. తర్వాత అది ఇంకో బ్యాంకును కలుపుకుని నేషన్స్‌బ్యాంక్ అయింది. 1998లో బ్యాంక్ ఆఫ్ అమెరికాతో కలిసింది. నేను 2000లో తిరిగొచ్చేలోపే మూడు పేర్లు చూశాను. మా ఆవిడకు దారి చెప్పేటప్పుడు మాత్రం పదకొండేళ్లూ ఒకటే, "ఎర్ర గోపురం దగ్గర లెఫ్టు".

2019 ప్రాంతంలో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాస్త దూరంలోనే లేచిన కొత్త గాజు టవర్‌కు మారి, పేరు కూడా తీసుకుపోయింది. ఇప్పుడిది టీసీ ఎనర్జీ సెంటర్, పైపులైన్ల కంపెనీది. గాజు డబ్బాల మీద విసుగుతో కట్టిన దాన్ని వదిలి నలభై ఏళ్లు తిరక్కుండానే మళ్లీ గాజులోకే వెళ్లారు చూడండి.

ప్రశ్న: హుద్‌హుద్‌లో మా బీచ్ రోడ్డు ఫ్లాట్ అద్దాలన్నీ పోయాయి. హ్యూస్టన్‌లోనూ తుఫాన్లే కదా. అంత ఎత్తున ఆ కొప్పులూ మొనలూ గాలికి ఆగుతాయా? — విశాఖపట్నం

2014 అక్టోబర్ 12న నేనూ విశాఖలోనే ఉన్నాను, బాత్‌రూమ్‌లో కూర్చుని. కాబట్టి మీ భయం నాకు తెలుసు.

వాలు కప్పుకు గాలి చేసే హాని తొయ్యడం కంటే పీల్చడం. గాలి కొప్పు దాటగానే అవతలి వాలు మీద లాగుతుంది, రేకులు లేచిపోయేది అందుకే. మూలల దగ్గరా, కొప్పు అంచునా ఈ లాగుడు అన్నిటికంటే ఎక్కువ. కాబట్టి మొనలూ అంచు రాళ్లూ బరువు మీద ఆధారపడి ఊరికే కూర్చోవు, లోపలి స్టీలుకు బిగించాలి. మెట్ల ఆకారం వల్ల ఒక లాభం కూడా ఉంది. కింది నుంచి పైదాకా ఒకే వెడల్పున్న టవర్ పక్కల నుంచి గాలి సుడులు ఒకే లయలో విడిపోయి టవర్‌ను అటూ ఇటూ ఊపుతాయి. వెడల్పు మారుతూ పోతే ఆ లయ చెదురుతుంది. జాన్సన్ ఆ లెక్క వేసి మెట్లు గీశాడని నేననను. ఆయనకు హాలెండ్ పోలిక కావాలి, మా ఇంజనీర్లకు గాలికి ఆగే ఆకారం కావాలి, ఇద్దరికీ కుదిరింది.

హ్యూస్టన్ డౌన్‌టౌన్ నేర్చుకున్న పాఠం అద్దాల గురించి. 1983 ఆగస్టు 18న అలీషియా తుఫాను కొట్టింది, ఈ టవర్ ముగింపు పనుల్లో ఉన్నప్పుడే. డౌన్‌టౌన్‌లో అద్దాలు చాలా పగిలాయి. అద్దం గాలికే పగిలిందనుకుంటాం కానీ, అక్కడ ఎక్కువ నష్టం చేసింది చదును కప్పుల మీద పరిచిన గులకరాళ్లు. గాలికి లేచి పక్క టవర్ల అద్దాల మీద వడగళ్లలా పడ్డాయి. మీ బీచ్ రోడ్డు ఫ్లాటు సంగతి కూడా ఒకసారి అలా చూసుకోండి. పక్కవాళ్ల మేడ మీద వదిలేసిన పూలకుండీలు, డిష్‌లు, రేకు ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మీ అద్దం మందం తర్వాత మాట్లాడుకుందాం.

ప్రశ్న: ఆ మెట్ల వల్ల అద్దెకిచ్చే జాగా తగ్గదా? డెవలపర్ ఎలా ఒప్పుకున్నాడు? — బిల్డర్, కూకట్‌పల్లి

మీ ప్రశ్నలోనే మీ వృత్తి ఉంది. డబ్బాకు నాలుగు మూలలే. వెనక్కి తగ్గుతూ పోయే టవర్‌కు ఇంకొన్ని మూలలు ఎక్కువ వస్తాయి. అమెరికాలో మూల గది అంటే పెద్ద సారు గది, దానికి అద్దె వేరు. పైగా దూరం నుంచి గుర్తుపట్టే టవర్‌లో ఆఫీసు ఉందంటే విజిటింగ్ కార్డుకే ధర. ఇది సరదాకు ఒప్పుకున్నది కాదు. హైన్స్ 1983లోనే ఇదే ఆర్కిటెక్టులతో ఊరికి అటుపక్క 64 అంతస్తుల ట్రాన్స్‌కో టవర్ కూడా లేపాడు.

ఇక భీమవరం అమ్మగారికి. సోమవారం నుంచి శుక్రవారం లోపు వెళ్లండి. శని, ఆదివారాల్లో డౌన్‌టౌన్ నిద్రపోతుంది, కింద ఉండే సొరంగ మార్గాలూ మూసేస్తారు. వీధికి ఇరవై అడుగుల కింద ఆరేడు మైళ్ల పొడవున ఒక బిల్డింగు నుంచి ఇంకోదానికి నడిచే దారులవి. హోటళ్లు, మందుల షాపులు అన్నీ అందులోనే. ఎండకు భయపడి పదకొండేళ్లు నా పెరుగన్నం డబ్బా పట్టుకుని తిరిగింది వాటిలోనే. నేను వచ్చేసిన మరుసటి ఏడు, 2001 జూన్‌లో అలిసన్ తుఫాను నీళ్లు వాటిలోకి దిగి పెద్ద నష్టమే చేశాయి. మళ్లీ బాగుచేశారు. ఆఫీసు అంతస్తుల్లోకి పాస్ లేకుండా పంపరు. కింది హాలు దాకా వెళ్లి, గేటు దగ్గర వాళ్లని ఒక మాట అడిగి చూడండి.

హాలు చూశాక ఆగిపోకండి. సాయంత్రం మీవాడిని సబీన్ స్ట్రీట్ వంతెన దగ్గరికి తీసుకెళ్లమనండి. కింద బఫెలో బయూ అనే వాగు, ఎదురుగా డౌన్‌టౌన్ మొత్తం. పడమర ఎండ ఎర్ర రాయి మీద పడుతుంది, కొప్పులు అప్పుడు విడివిడిగా తెలుస్తాయి. దోమలుంటాయి, కాళ్లు కప్పుకోండి. హాల్లోకి మాత్రం స్వెటర్ పట్టుకెళ్లండి. బయట మన ఏలూరు ఎండ, లోపల ఊటీ.